మానీ: ఒక ప్రవక్త జీవితం, కనుమరుగైన ఒక మతం

ఈ పాఠం గురించి

బౌద్ధం, జైనం, క్రైస్తవం, ఇస్లాం, పార్శీల జరతుష్ట్ర మతం. ఈ పేర్లు మీరు విన్నవే. వీటిని పాటించేవారు ఇప్పటికీ మన దేశంలో ఉన్నారు. కాని ఒకప్పుడు ఉత్తర ఆఫ్రికా నుంచి చైనా సముద్ర తీరం దాకా వ్యాపించి, వెయ్యి సంవత్సరాలకు పైగా నిలిచి, చివరకు పూర్తిగా కనుమరుగైపోయిన మతం ఒకటి ఉంది. దాన్ని మానీ మతం అంటారు. దాని స్థాపకుడు మానీ. ఈ పేరును మనకు తెలిసిన మణి అనే మాటతో కలపకండి. అది వేరు, ఇది వేరు.

మానీ జీవితంలో మీరు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. గురువు చనిపోయాక అతని బోధ చెడిపోతుందని, చివరకు మరుగున పడుతుందని మానీ ముందే ఊహించాడు. అలా జరగకుండా తన జీవితకాలంలోనే ఎన్నో జాగ్రత్తలు తీసుకున్నాడు. అయినా ఆ మతం మిగలలేదు. ఎందుకు? ఈ ప్రశ్నను మనసులో పెట్టుకొని పాఠం చదవండి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మానీ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
- అతని బోధను మీ సొంత మాటల్లో వివరించగలుగుతారు.
- మన ఉపఖండంతో అతనికి ఉన్న సంబంధాన్ని గుర్తిస్తారు.
- ఒక మతం వ్యాపించడానికి, అంతరించడానికి గల కారణాలను చర్చించగలుగుతారు.

1. పుట్టుక, బాల్యం

పటంలో ఇరాక్ దేశాన్ని చూడండి. అక్కడ టైగ్రిస్, యూఫ్రటీస్ అనే రెండు పెద్ద నదులు ప్రవహిస్తాయి. ఆ నదుల మధ్య ప్రాంతానికి పూర్వం బాబిలోనియా అని పేరు. మూడో శతాబ్దం మొదట్లో అది పారసీక సామ్రాజ్యంలో భాగం. టైగ్రిస్ ఒడ్డున, ఇప్పటి బాగ్దాద్‌కు సమీపంలో, టెసిఫాన్ అనే రాజధాని ఉండేది. ఆ ప్రాంతంలోనే క్రీ.శ. 216 ఏప్రిల్ 14న మానీ జన్మించాడు.

తండ్రి పేరు పాతిక్. అతని స్వస్థలం ఇరాన్‌లోని హమదాన్. తల్లి ఒక రాజవంశానికి బంధువు. అరబ్బు గ్రంథకర్త ఇబ్న్ అల్ నదీమ్ రాసిన ప్రకారం, ఒకనాడు పాతిక్ గుడిలో ఉండగా అతనికి ఒక అశరీరవాణి వినిపించింది. మాంసం, మద్యం, స్త్రీ సాంగత్యం వదిలిపెట్టమని అది మూడు రోజుల పాటు చెప్పిందట. పాతిక్ ఇల్లు విడిచి, నీటి స్నానాలే పుణ్యమని నమ్మే ఒక చిన్న మత సంఘంలో చేరాడు. కొడుకుకు నాలుగేళ్ళు రాగానే వాడినీ అక్కడికే తీసుకుపోయాడు.

ఆ సంఘం వారు యూదుల ఆచారాలు కొన్ని పాటిస్తూ, ఏసుక్రీస్తును కూడా నమ్మేవారు. తెల్లని బట్టలు కట్టేవారు. పొలం పని చేసుకొని, తామే పండించుకున్నది తినేవారు. తినబోయే కూరగాయలను కూడా నియమం ప్రకారం నీటితో శుద్ధి చేసేవారు. మానీ ఇరవై ఏళ్ళు వారి మధ్యనే పెరిగాడు.

పన్నెండో ఏట మానీకి మొదటి దివ్యదర్శనం కలిగిందని అతని అనుచరులు నమ్మారు. తనను పోలిన ఒక దివ్యరూపం కనబడిందని మానీ చెప్పుకున్నాడు. ఆ రూపాన్ని అతను తన జంట అని పిలిచాడు. సంఘాన్ని విడిచే రోజు వస్తుందని, ఇంకా వయసు చాలదని ఆ జంట చెప్పిందట. మానీ మరో పన్నెండేళ్ళు మౌనంగా వేచి ఉన్నాడు.

2. సంఘంతో విభేదం

పెరిగేకొద్దీ మానీలో సందేహాలు మొదలయ్యాయి. నీటితో కడిగినంత మాత్రాన శరీరం పవిత్రమవుతుందా? శుద్ధి చేసిన కూర తిన్నా, చేయని కూర తిన్నా శరీరంలో జరిగేది ఒకటే కదా? నిజమైన శుద్ధి జ్ఞానం వల్ల కలుగుతుంది తప్ప నీటి వల్ల కాదని మానీ వాదించాడు.

అతనికి మరో బాధ కూడా ఉండేది. చెట్టు నరికినా, కూర కోసినా ఆ మొక్కకు నొప్పి కలుగుతుందని అతను నమ్మాడు. మానీ చిన్ననాటి గాథలలో కొట్టబోయిన ఖర్జూరపు చెట్టు మాట్లాడి మొరపెట్టుకుంటుంది. తెగిన మొక్కల నుంచి రక్తం కారుతుంది. వీటిని గాథలుగానే తీసుకోండి. కాని ఆ పిల్లవాడి మనసు ఎటువంటిదో వీటిని బట్టి తెలుస్తుంది.

క్రీ.శ. 240లో, ఇరవై నాలుగో ఏట, ఆ దివ్యరూపం మళ్ళీ కనబడి బయలుదేరమని చెప్పిందట. మానీ తన అభిప్రాయాలను బహిరంగంగా చెప్పాడు. సంఘం పెద్దలు సమావేశమై అతన్ని నిలదీశారు. కొందరు అతను ప్రవక్త అన్నారు. చాలామంది కోపించి మీద పడి కొట్టారు. మానీ సంఘాన్ని విడిచి వెళ్ళిపోయాడు. మొదట అతని వెంట నడిచింది ఇద్దరే. తరువాత తండ్రి పాతిక్ కూడా కొడుకును వెతుక్కుంటూ వచ్చి, అతని బోధను అంగీకరించాడు. కొడుకును ఆ సంఘంలోకి తీసుకుపోయిన తండ్రే చివరకు కొడుకు వెంట బయటికి వచ్చాడు.

3. సింధు తీరానికి ప్రయాణం

మానీ మొదటి దూర ప్రయాణాలలో ఒకటి మన ఉపఖండానికే. ఆ రోజుల్లో పారసీక సింధుశాఖ రేవుల నుంచి వర్తకుల ఓడలు సింధు ముఖద్వారం వైపు వచ్చేవి. అటువంటి ఓడలో మానీ తూర్పుకు బయలుదేరాడు. సింధు తీర ప్రాంతంలోను, తురాన్ అనే చిన్న రాజ్యంలోను బోధించాడు. ఇప్పటి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో ఒక భాగమే ఆనాటి తురాన్.

తురాన్‌లో బౌద్ధుల ప్రభావం ఉండేది. అక్కడి రాజు మానీ బోధ విని శిష్యుడయ్యాడని, మానీని బుద్ధుడిగా గౌరవించాడని ఆ మతస్థుల పార్థియన్ భాషా రచన ఒకటి చెబుతుంది. మానీ కూడా ఇక్కడ కొన్ని విషయాలు చూసి ఉంటాడు. ఇల్లు విడిచిన భిక్షువులు, వారికి అన్నం పెట్టే గృహస్థులు కలిసి ఒకే ధర్మంగా బతకడం బౌద్ధ సంఘంలో ఉంది. మానీ తరువాత తన అనుచరులను ఇటువంటి రెండు వర్గాలుగానే ఏర్పాటు చేశాడు. భారతదేశాన్ని గురించి గొప్ప గ్రంథం రాసిన అల్ బిరూనీ, మానీ పునర్జన్మ సిద్ధాంతాన్ని హిందువుల దగ్గరే నేర్చుకున్నాడని రాశాడు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
(అ) మానీ ఏ ప్రాంతంలో, ఏ సంవత్సరంలో పుట్టాడు?
(ఆ) నీటి శుద్ధిని అతను ఎందుకు ఒప్పుకోలేదు?
(ఇ) తురాన్ ఇప్పుడు ఏ దేశంలో ఉంది?

4. రాజాదరణ, రచనలు

మానీ పశ్చిమానికి తిరిగి వెళ్ళేసరికి పారసీక సింహాసనం మీద సాసానీ వంశపు రాజు మొదటి షాపూర్ ఉన్నాడు. రాజు తమ్ముడు పేరోజ్ సహాయంతో మానీకి రాజదర్శనం లభించింది. షాపూర్ అతని మతంలో చేరలేదు. కాని దేశమంతటా బోధించుకోవడానికి అనుమతి ఇచ్చాడు. తన పరివారంలో చోటు కూడా ఇచ్చాడు. షాపూర్ సామ్రాజ్యంలో జరతుష్ట్ర మతస్థులు, క్రైస్తవులు, యూదులు, బౌద్ధులు అందరూ ఉండేవారు. అందరికీ అర్థమయ్యే మాట చెప్పేవాడు అటువంటి రాజుకు ఉపయోగపడవచ్చు కదా! దాదాపు ముప్పై సంవత్సరాలు మానీకి ఆ రక్షణ దొరికింది.

ఆ కాలాన్ని మానీ వృథా చేయలేదు. ఇక్కడ అతని ఆలోచనను జాగ్రత్తగా గమనించండి. బుద్ధుడు భారతదేశంలో, జరతుష్ట్రుడు పర్షియాలో, ఏసు పశ్చిమ దేశంలో బోధించారని, ముగ్గురూ సత్యమే చెప్పారని మానీ అంగీకరించాడు. అయితే వారెవరూ తమ బోధను తమ చేతులతో రాసి పెట్టలేదని, తరువాత శిష్యులు రాయడం వల్ల అందులో తేడాలు వచ్చాయని అతని అభిప్రాయం. పైగా ఒక్కొక్కరి బోధ ఒక్కొక్క దేశానికి, ఒక్కొక్క భాషకు పరిమితమయిందని అనుకున్నాడు. తన మతం అలా కాకూడదనుకొని నాలుగు పనులు చేశాడు.

మొదటిది, తన గ్రంథాలను తానే రాశాడు. తన మాతృభాష సిరియాక్‌లో సజీవ సువార్త, జీవన నిధి, రహస్యాల గ్రంథం, మహాకాయుల గ్రంథం మొదలైనవి రచించాడు. షాపూర్ కోసం పారసీక భాషలో షాపూరగాన్ అనే పుస్తకం రాసి అంకితమిచ్చాడు.

రెండవది, మానీ మతస్థులు పారసీక, పార్థియన్ భాషలను రాయడానికి ఒక సులభమైన లిపిని వాడుకలోకి తెచ్చారు. అప్పటి పారసీక లిపిలో ఒకే గుర్తును అనేక విధాలుగా చదవవలసి వచ్చేది. కొత్త లిపిలో పలికినట్టే రాయవచ్చు. ఈ లిపిని మానీయే రూపొందించాడని సంప్రదాయం చెబుతుంది.

మూడవది, చదువు రానివారికి కూడా తన బోధ అందాలని బొమ్మల పుస్తకం తయారు చేయించాడు. అతను స్వయంగా చిత్రకారుడని ప్రసిద్ధి.

నాలుగవది, ఏ దేశానికి ఆ దేశపు భాష తెలిసినవారిని ప్రచారకులుగా పంపాడు. పార్థియన్ భాష వచ్చిన మార్ అమ్మోను తూర్పు దిక్కుకు పంపాడు. అద్దా అనే శిష్యుడు రోమను సామ్రాజ్యానికి వెళ్ళాడు.

5. మానీ ఏమి బోధించాడు?

లోకంలో చెడు ఎందుకు ఉంది? దేవుడు మంచివాడైతే బాధలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ ప్రశ్న మీకూ ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుంది. మానీ ఇచ్చిన సమాధానం ఇది.

మొదట వెలుగు, చీకటి వేరువేరుగా ఉండేవి. రెండూ అనాది. తరువాత చీకటి వెలుగు మీద దాడి చేసింది. ఆ పోరాటంలో వెలుగు కణాలు చీకటిలో చిక్కుకుపోయాయి. మనం చూస్తున్న ఈ లోకం ఆ రెండింటి కలయిక. మనిషిలో, జంతువులో, చెట్టులో, పండులో, రాతిలో కూడా వెలుగు బందీగా ఉంది. చివరి కాలంలో రెండూ మళ్ళీ విడిపోతాయి. బందీగా ఉన్న వెలుగును విడిపించడమే ధర్మం. ఆకాశంలో చంద్రుడు ఒక ఓడ. విడుదలైన వెలుగు నిండేకొద్దీ చంద్రుడు పెరుగుతాడు. ఆ వెలుగును సూర్యుడికి అప్పగించేకొద్దీ తరుగుతాడు. శుక్లపక్షం, కృష్ణపక్షం ఎందుకు వస్తాయో మానీ మతస్థులు ఇలా చెప్పుకునేవారు.

ఈ మతంలో రెండు వర్గాలు ఉండేవి. మొదటి వర్గం ఎంపికైనవారు. స్త్రీలు కూడా ఈ వర్గంలో చేరవచ్చు. వీరు పెళ్ళి చేసుకోరు. ఆస్తి ఉంచుకోరు. మాంసం, మద్యం ముట్టరు. రోజుకు ఒకే పూట భోజనం చేస్తారు. మొక్కలకు కూడా హాని చేయకూడదు గనుక పొలం దున్నరు, పండు కోయరు. వంట కూడా చేసుకోరు. రెండవ వర్గం శ్రోతలు. వీరు రైతులు, వర్తకులు, గృహస్థులు. పెళ్ళి చేసుకొని, పనులు చేసుకొని, రోజూ ఎంపికైనవారికి రొట్టె, పండ్లు, కూరలు తెచ్చి ఇచ్చేవారు. ఎంపికైనవారు తిన్న ఆహారంలోని వెలుగు వారి పవిత్ర శరీరాల ద్వారా విడుదలవుతుందని నమ్మకం. ఈ సేవ వల్ల శ్రోతలు తరువాతి జన్మలో ఎంపికైనవారుగా పుట్టవచ్చు.

మధ్య ఆసియాలోని శ్రోతలు చదువుకున్న ఒక క్షమాపణ పాఠం తుర్కీ భాషలో దొరికింది. రెండు కాళ్ళవి, నాలుగు కాళ్ళవి, ఎగిరేవి, నీటిలో ఉండేవి, పాకేవి అని ప్రాణులను అయిదు రకాలుగా చెప్పి, వాటికి తాము చేసిన హింసకు అందులో క్షమాపణ కోరతారు. ఒక రైతు రోజంతా నేల దున్ని, సాయంత్రం ఈ పాఠం చదువుకోవడాన్ని ఊహించండి. ఈ మతం సామాన్యుల మనసులను ఎలా తాకిందో మీకు అర్థమవుతుంది.

6. చెరసాల, మరణం

షాపూర్ చనిపోయాక అతని కొడుకు హోర్మిజ్ద్ కూడా మానీని ఆదరించాడు. కాని హోర్మిజ్ద్ పాలన ఒక సంవత్సరం కంటే ఎక్కువ సాగలేదు. తరువాత మొదటి బహ్రామ్ రాజయ్యాడు. ఆస్థానంలో కర్తీర్ అనే జరతుష్ట్ర పురోహితుడి పలుకుబడి పెరిగింది. జరతుష్ట్ర మతం ఒక్కటే రాజ్యానికి అండ కావాలని కర్తీర్ ఆశయం. యూదులను, బౌద్ధులను, బ్రాహ్మణులను, క్రైస్తవులను, మానీ మతస్థులను అణచివేశానని అతను తన శాసనాలలో గొప్పగా చెప్పుకున్నాడు.

బహ్రామ్ మానీని గుండేషాపూర్ నగరానికి పిలిపించాడు. అక్కడ జరిగినది మానీ వెంట ఉన్న దుబాసీ రాసి పెట్టాడు. రాజు భోజనం చేస్తున్నాడు. మానీని వాకిట్లో చాలాసేపు నిలబెట్టారు. తరువాత రాజు బయటికి వచ్చి, నీ రాక మాకు ఇష్టం లేదని ముఖం మీదే చెప్పాడు. యుద్ధానికి పనికిరావు, వేటకు పనికిరావు, వైద్యుడివి అంటావు కాని అది కూడా చేయవు, నీ వల్ల ప్రయోజనం ఏమిటని ఎత్తిపొడిచాడు. తాను ఎవరికీ కీడు చేయలేదని, రాజు పరివారంలో ఎందరినో జ్వరాల నుంచి, భూతబాధల నుంచి కాపాడానని మానీ జవాబు చెప్పాడు. రాజు మనసు మారలేదు.

మానీ మెడకు, చేతులకు, కాళ్ళకు బరువైన ఇనుప సంకెళ్ళు వేశారు. అప్పటికి అతనికి అరవై ఏళ్ళు దగ్గర పడ్డాయి. చెరసాలలో శిష్యులు వచ్చి చూసేవారు. తన తరువాత సంఘం ఎలా నడవాలో వారికి చెప్పాడు. ఇరవై ఆరు రోజులకు ప్రాణం పోయింది. ముగ్గురు శిష్యురాండ్రు వచ్చి అతని కళ్ళు మూసి, ఏడ్చారని ఆ మత గ్రంథాలు చెబుతాయి. అతని తలను నగర ద్వారం దగ్గర వేలాడదీశారని కూడా రాశారు. అతని మరణ సంవత్సరాన్ని పండితులు రెండు విధాలుగా లెక్కిస్తారు: క్రీ.శ. 274 లేదా 277.

ఏటా వసంతకాలంలో మానీ మతస్థులు ఈ మరణాన్ని స్మరించుకునేవారు. ఉపవాసాలు ఉండి, అయిదు మెట్లున్న ఎత్తైన ఆసనాన్ని అలంకరించేవారు. ఆసనం ఖాళీగా ఉండేది. దాని మీద గురువు చిత్రపటం పెట్టి చుట్టూ కూర్చొని కీర్తనలు పాడేవారు. వారికి ఇదే అన్నిటికంటే పెద్ద పండుగ.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
(అ) బోధ చెడిపోకుండా మానీ చేసిన నాలుగు పనులు ఏవి?
(ఆ) శ్రోతలు, ఎంపికైనవారు ఒకరికొకరు ఎలా తోడ్పడేవారు?
(ఇ) మానీకి వ్యతిరేకంగా నిలిచిన పురోహితుడు ఎవరు?

7. పడమటి దేశాలలో

గురువు మరణంతో మతం ఆగిపోలేదు. శిష్యులు రెండు దిక్కులకు చెదిరిపోయారు. ముందుగా పడమర సంగతి చూద్దాం.

రోమను సామ్రాజ్యంలో ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ దాకా మానీ మతం చేరింది. ఇది శత్రుదేశమైన పర్షియా నుంచి వచ్చినదని రోమను ప్రభువులు అనుమానించారు. క్రీ.శ. 302లో డయోక్లీషియన్ చక్రవర్తి ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఈ మత నాయకులను వారి గ్రంథాలతో సహా కాల్చివేయమని దాని సారాంశం. అంటే, పర్షియాలో పరాయి మతమని మానీని చంపారు. రోములో పర్షియా మతమని అతని శిష్యులను కాల్చమన్నారు.

తరువాత రోములో క్రైస్తవం రాజమతమైంది. మానీ మతానికి కష్టాలు తగ్గలేదు, పెరిగాయి. ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టిన అగస్టీన్ యువకుడిగా ఉండగా సుమారు తొమ్మిదేళ్ళు మానీ మత శ్రోతగా ఉన్నాడు. గ్రహాల గతుల గురించి అతనికి సందేహాలు కలిగాయి. ఫౌస్తుస్ అనే ప్రసిద్ధ బోధకుడు వస్తే తీరుస్తాడని అందరూ చెప్పారు. ఫౌస్తుస్ వచ్చాడు. తియ్యగా మాట్లాడాడు గాని సందేహం తీర్చలేకపోయాడు. అగస్టీన్ ఆ మతాన్ని విడిచి, క్రైస్తవుడై, బిషప్ అయ్యాడు. మానీ మతాన్ని ఖండిస్తూ అనేక పుస్తకాలు రాశాడు. క్రీ.శ. 527లో ఈ మతస్థులకు రోమను చట్టంలో మరణశిక్ష విధించారు.

బాబిలోనియాలో ఏడో శతాబ్దంలో అరబ్బుల పాలన వచ్చింది. మొదట్లో మానీ మతానికి కొంత ఊపిరి దొరికింది. కాని 775 నుంచి 785 వరకు పాలించిన అబ్బాసీ ఖలీఫా అల్ మహ్దీ కాలంలో మళ్ళీ వేట మొదలయింది. మానీ మతస్థులకు పర్షియాలో పెట్టిన పేరు నుంచి అరబ్బీలో జిందీఖ్ అనే మాట వచ్చింది. మతద్రోహి అనే అర్థంలో ఆ మాట ఉర్దూలో కూడా ఉంది. పదో శతాబ్దం చివర ఇబ్న్ అల్ నదీమ్ బాగ్దాద్‌లో తనకు ఒకప్పుడు సుమారు 300 మంది మానీ మతస్థులు తెలుసునని, ఇప్పుడు అయిదుగురు కూడా లేరని రాశాడు.

8. తూర్పు దేశాలలో

తూర్పున కథ కొంతకాలం వేరుగా నడిచింది. సమర్ఖండ్ ప్రాంతపు సోగ్దియన్ వర్తకులు పట్టు దారి వెంట సరుకులతో పాటు ఈ మతాన్ని కూడా మోసుకెళ్ళారు. 694లో ఒక మానీ మత బోధకుడు చైనా రాజాస్థానానికి చేరాడు. 732లో చైనా చక్రవర్తి దీన్ని తన ప్రజలకు నిషేధించి, విదేశీయులు పాటించుకోవచ్చన్నాడు.

ఇప్పటి మంగోలియా ప్రాంతంలో ఉయ్‌గుర్ అనే తుర్కీ జాతి రాజ్యం ఉండేది. దాని పాలకుడు బోగూ ఖాన్ 762లో చైనాలో సోగ్దియన్ బోధకులను కలుసుకున్నాడు. వారిని వెంట తీసుకుపోయి, మరుసటి సంవత్సరం తన రాజ్యానికి మానీ మతాన్నే మతంగా ప్రకటించాడు. ఒక రాజ్యం అధికారికంగా ఈ మతాన్ని స్వీకరించింది అక్కడే. 840లో కిర్గిజ్ జాతి ఆ రాజ్యాన్ని కూల్చింది. అండ పోగానే చైనాలో మఠాలు మూతపడ్డాయి. 843లో మానీ మత సన్యాసినులు అనేకమంది ప్రాణాలు కోల్పోయారు. ఉయ్‌గుర్లలో కొందరు తుర్ఫాన్ అనే ఎడారి ప్రాంతానికి తరలిపోయారు. అక్కడ ఈ మతం మరికొన్ని తరాలు నిలిచి, మెల్లగా బౌద్ధానికి చోటిచ్చింది.

చైనా ఆగ్నేయ తీరంలోని ఫుజియన్ రాష్ట్రంలో మాత్రం ఇంకా కొన్ని శతాబ్దాలు బతికింది. అక్కడ మానీని వెలుగు బుద్ధుడు అని పిలిచేవారు. చుయాన్‌జౌ నగరం దగ్గర ఒక చిన్న గుడిలో 1339లో చెక్కిన అతని రాతి విగ్రహం ఇప్పటికీ ఉంది. 2021లో యునెస్కో ఆ గుడిని చుయాన్‌జౌలోని ఇతర కట్టడాలతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చుట్టుపక్కల గ్రామాలవారు ఆ విగ్రహాన్ని బుద్ధుడిగా కొలుస్తూ వచ్చారు.

9. ఎందుకు కనుమరుగైంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక్క కారణంతో ఇంత పెద్ద మతం పోదు. ముఖ్యమైనవి మూడు చెప్పుకోవచ్చు.

మొదటి కారణం రాజుల హింస. రోము, పర్షియా, బాగ్దాద్, చైనా అన్నీ ఏదో ఒక కాలంలో దీన్ని నిషేధించాయి. పక్కనున్న మతాలకు పెద్ద రాజ్యాల అండ దొరికింది. దీనికి దొరికిన ఒకే రాజ్యం ఎనభై ఏళ్ళు కూడా నిలవలేదు.

రెండవ కారణం సంఘం నిర్మాణంలోనే ఉంది. ఎంపికైనవారు తమ అన్నం తాము వండుకోలేరు. రోజూ ఎవరో ఒక శ్రోత తెచ్చి పెట్టాలి. శాంతి కాలంలో ఈ ఏర్పాటు ఇద్దరినీ దగ్గర చేస్తుంది. కాని హింస మొదలైతే, రోజూ రొట్టె తీసుకొని ఎవరింటికి ఎవరు పోతున్నారో గూఢచారులు సులభంగా కనిపెడతారు. శ్రోత భయపడి ఆగిపోతే గురువుకు తిండి లేదు. గురువు పోతే శ్రోతకు దారి చెప్పేవారు లేరు.

మూడవ కారణం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఏ దేశానికి వెళ్తే ఆ దేశపు మాటల్లో చెప్పడం మానీ మతానికి బలం. రోములో అది క్రైస్తవంలా, చైనాలో బౌద్ధంలా కనిపించింది. వ్యాపించేటప్పుడు ఇది ఉపయోగపడింది. బోధకులు లేకుండా పోయాక, మిగిలిన భక్తులు పక్కనున్న పెద్ద మతంలో కలిసిపోవడానికి కూడా ఇదే వీలు కల్పించింది. గుడిలోని విగ్రహం మిగిలింది. అది ఎవరిదో మరిచిపోయారు.

10. తిరిగి దొరికిన పుస్తకాలు

మతం పోయాక మానీ గురించి లోకానికి మిగిలినవి ఎక్కువగా అతని విరోధులు రాసినవే. వందల సంవత్సరాలు అతన్ని మోసగాడని, పిచ్చివాడని చదువుకున్నారు. పారసీక, ఉర్దూ కవులు మాత్రం అతన్ని గొప్ప చిత్రకారుడిగా గుర్తు పెట్టుకున్నారు.

ఇరవయ్యో శతాబ్దంలో పరిస్థితి మారింది. 1902, 1914 మధ్య జర్మన్ పరిశోధకులు తుర్ఫాన్ ఎడారి శిథిలాలలో వేలాది రాతప్రతుల ముక్కలు సేకరించారు. వాటిలో తెలియని లిపి ఒకటి కనిపించింది. 1904లో ముల్లర్ అనే పండితుడు దాన్ని చదివి, అవి మానీ మత గ్రంథాలని గుర్తించాడు. చాలా పుస్తకాలు అప్పటికే పొలాలకు పారించిన నీటిలో తడిసి పాడైపోయాయి. భారత ప్రభుత్వం పంపగా వెళ్ళిన ఆరెల్ స్టెయిన్ 1907లో దున్‌హువాంగ్ గుహల నుంచి తెచ్చిన ప్రతులలో కూడా ఈ మత గ్రంథాలు ఉన్నాయి. మీరు పైన చదివిన క్షమాపణ పాఠం ఒక ప్రతి అందులోనిదే. 1929 ప్రాంతంలో ఈజిప్టులో కోప్టిక్ భాషలోని కీర్తనలు, ఉపన్యాసాలు బయటపడ్డాయి. 1970లో జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయం దగ్గరున్న ఒక గ్రీకు పుస్తకం వివరాలు వెలువడ్డాయి. అది అగ్గిపెట్టె కంటే పెద్దది కాదు. అందులో మానీ బాల్యం ఉంది. ఈ పాఠంలో మీరు చదివిన స్నానాల సంఘం సంగతి, ఖర్జూరపు చెట్టు కథ ఆ చిన్న పుస్తకం వల్లనే మనకు వివరంగా తెలిశాయి.

పుస్తకం రాసి పెట్టాలన్న మానీ జాగ్రత్త అతని మతాన్ని కాపాడలేకపోయింది. కాని విరోధుల మాటలకు పక్కన అతని మాటను కూడా ఉంచింది. ఒక మనిషిని గురించి తీర్పు చెప్పే ముందు రెండు పక్షాలూ వినాలంటారు పెద్దలు. మానీ విషయంలో రెండో పక్షం వినడానికి లోకానికి పదహారు వందల సంవత్సరాలు పట్టింది.

మీరు నేర్చుకున్నది
- మానీ క్రీ.శ. 216లో బాబిలోనియాలో పుట్టి, 274 లేదా 277లో చెరసాలలో మరణించాడు.
- వెలుగు, చీకటి అనే రెండు మూలాలను బోధించాడు. బుద్ధుణ్ణి, జరతుష్ట్రుణ్ణి, ఏసును తన పూర్వ ప్రవక్తలుగా అంగీకరించాడు.
- అతని మతం ఉత్తర ఆఫ్రికా నుంచి చైనా వరకు వ్యాపించింది. ఉయ్‌గుర్ రాజ్యంలో మాత్రమే రాజమతమైంది.
- రాజుల హింస, శ్రోతల మీద పూర్తిగా ఆధారపడిన సంఘం, ఇతర మతాలలో కలిసిపోయే స్వభావం దాని అంతర్ధానానికి ముఖ్య కారణాలు.

పాఠాంత ప్రశ్నలు
1. మానీ తండ్రి జీవితంలో వచ్చిన రెండు మార్పులను వివరించండి.
2. మానీ మతానికి, బౌద్ధానికి మధ్య మీరు గమనించిన పోలికలు రాయండి.
3. ఒక మతానికి బలమైన గుణమే తరువాత బలహీనతగా ఎలా మారింది? ఉదాహరణతో రాయండి.
4. మీ ఊళ్ళో ఇప్పుడు కనుమరుగైన ఒక పండుగ లేదా ఆచారం గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. అది ఎందుకు పోయిందో పది వాక్యాలలో రాయండి.

ప్రగతి ప్రశ్నలకు జవాబులు
1. (అ) బాబిలోనియాలో, క్రీ.శ. 216లో. (ఆ) నిజమైన శుద్ధి జ్ఞానం వల్లనే కలుగుతుందని నమ్మాడు గనుక. (ఇ) పాకిస్తాన్‌లో.
2. (అ) గ్రంథాలు తానే రాయడం, సులభమైన లిపి, బొమ్మల పుస్తకం, ఆయా భాషలు తెలిసిన ప్రచారకులను పంపడం. (ఆ) శ్రోతలు ఆహారం ఇచ్చేవారు, ఎంపికైనవారు బోధించి మంచి జన్మకు దారి చూపేవారు. (ఇ) కర్తీర్.